జరిగిన గోపురం

"పెయింటింగ్ కనిపించకుండా పోకూడదు. పెయింటర్‌ మీద చెయ్యి పడకూడదు. స్నేహం చెడకూడదు," అన్నాడు ఫోన్లో చీఫ్.

"మరి నేనెందుకు సార్?" అన్నాడు ఏజెంట్ క్రీస్తురాజు.

"ఆ బొమ్మలో ఏదో రహస్యం ఉంది. ఒంటిగంట రైలుకు అది పొరుగుదేశం బయల్దేరుతోంది. చూసుకో!"

లైన్ కట్.

1966. యుద్ధం ఆగి నిండా ఏడాది కాలేదు. నెల్లూరు టౌన్‌హాల్లో స్నేహ చిత్రకళా ప్రదర్శన ఆఖరి రోజు. బోర్డులు రాసే పెయింటర్ వేషంలో, రంగు డబ్బాతో ఓ మూల నిలబడ్డాడు క్రీస్తురాజు. పట్టు లాల్చీ వేసుకున్న అతిథి చిత్రకారుడు "కళకు సరిహద్దుల్లేవు" అంటూ ఊరి పెద్దల్ని కావిలించుకుంటున్నాడు. వీళ్ళు చప్పట్లు కొడుతూ లడ్డూలు మింగుతున్నారు. సరిహద్దులో తన చేతులతో మోసిన శవాలు గుర్తొచ్చి క్రీస్తురాజు లడ్డూల పళ్ళెం వైపునుంచి మొహం తిప్పుకున్నాడు.

సన్మానమని మైపాడు జాలర్లకు పూలదండలు వేసి, అతిథి తెచ్చిన 'మైపాడు తీరం' అనే బొమ్మ పక్కన నిలబెట్టారు. చీఫ్ చెప్పింది ఆ బొమ్మ గురించే. వాళ్ళ పెద్ద నరసయ్య బొమ్మనే గుచ్చి గుచ్చి చూస్తున్నాడు.

"ఏంది పెద్దాయనా, అట్ట చూస్తుండావ్?" అన్నాడు క్రీస్తురాజు.

"ఇది ఒడ్డున కూచోని గీసింది కాదబ్బయా. ఒడ్డునుంచైతే ఇసకదిబ్బ అడ్డమొచ్చి గుడిగోపురం కనపడదు. రెండు మైళ్ళు సముద్రంలోకి పోతే, ఇదో, ఇట్ట రెండు తాటిచెట్ల నడిమిన కనపడతాది. ఆ గురి పట్టుకొనే మేం పడవ ఒడ్డుకు తెచ్చేది. గురి తప్పితే నీళ్ళకింద ఇసకతిప్పకు కొట్టుకొని పడవ పగలాల్సిందే!"

క్రీస్తురాజుకు గుట్టు తెలిసిపోయింది. "అంటే మసకచీకట్లో దొంగచాటుగా దిగే శత్రువుల లాంచీలకు ఇది రూట్ మ్యాప్!" అన్నాడు గుసగుసగా.

"అట్టయితే మా పాలెం మిందే దిగతారు గదా! నా కోడళ్ళు, మనవలు ఆడనే ఉండారబ్బయా," అన్నాడు నరసయ్య.

"మల్లెలు వాడిపోయాయి," అందొక తీయని గొంతు పక్కనుంచి. కోడ్!

"కనకాంబరాలు కట్టండి," అన్నాడు క్రీస్తురాజు.

అతిథిగారి దుబాసీ జయశీల. జార్జెట్ చీర, హైహీల్స్. డబుల్ ఏజెంట్. వాళ్ళు తమ మనిషి అనుకుంటున్నారు. నిజానికి మన మనిషి.

"వాడు పెయింటర్ కాదు, ఉత్త కొరియర్. సముద్రం చూస్తేనే వాంతి. గీసినవాడు వేరు. కస్టమ్స్ వాళ్ళకు దొరుకుతుందని దీన్ని ఫోటో కూడా తియ్యలేదు. వాళ్ళ దగ్గరున్నది ఈ ఒక్క కాన్వాసే," అంది పెదవులు కదపకుండా.

పన్నెండుంబావు. పెద్దలంతా విందులో ఉన్నారు. ప్యాకింగ్ గదిలో క్రీస్తురాజు పాత గోపురం మీద ఆకాశం పూసేశాడు. తాటిచెట్లకు ఎడంగా కొత్త గోపురం లేపుతున్నాడు.

"ఇంకా దక్షిణానికి జరుపు. ఇంకొంచెం... ఆఁ, చాలు! ఇట్ట గురిపెట్టి వస్తే పడవ రెండు ముక్కలే," అన్నాడు నరసయ్య, కసిగా.

పెట్టెకు మూత పెట్టబోతుండగా తలుపు తెరుచుకుంది. అతిథి! వెనకే జయశీల.

"ఒక్కసారి చూసుకుంటాను."

గది నిండా తడిరంగు, టర్పెంటైన్ వాసన. జయశీల నవ్వుతూ హ్యాండ్‌బ్యాగ్ లోంచి సెంటు సీసా తీసి అతని లాల్చీ మీద ధారాళంగా చల్లింది. అతను కాన్వాస్ మీదికి వంగాడు. చిటికెనవేలు తడి గోపురానికి వెంట్రుకవాసిలో ఆగింది.

"నా జీవితంలో బెస్ట్ వర్క్!" అన్నాడు అతిథి, కళ్ళు తుడుచుకుంటూ.

మూతకు మేకులు పడ్డాయి. ఒంటిగంట రైలు కదిలింది.

తన బొమ్మను తానే గుర్తుపట్టలేని ఆ మహా చిత్రకారుడికి, రైలెక్కేముందు, ఊరి పెద్దలు శాలువా కూడా కప్పారు.