వైదేహి నార్వేజియన్ పాఠాలు

అసైన్‌మెంట్ చిన్నదే. ఆరు వారాల్లో ఏజెంట్ శ్రీరామ్ నోట నార్వేజియన్ పలికించాలి. చీఫ్ యోగానంద్ గారు ఆ పని వైదేహికి అప్పగించారు. ఓస్లోలో రెండేళ్లు చదివిన మనిషి ఆఫీస్‌లో ఆవిడొక్కతే మరి.

ఇప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట. ఓక్‌విల్ ఊళ్లో ఒక కెఫే ఎదుట, ఇళ్లని వెచ్చబెట్టే ఫర్నేస్‌ల రిపేర్ బోర్డు తగిలించిన వ్యాన్‌లో యోగానంద్ గారి పక్కన కూర్చుని, వైదేహి హెడ్‌సెట్‌లో లోపలి మాటలు వింటోంది. కెఫేలో శ్రీరామ్ ఎదురుగా ఇంగ్రిడ్ ఉంది. మెరుపుతీగలాంటి నార్వే మనిషి. మన ఇన్‌ఫార్మర్‌నని నమ్మిస్తూనే పవర్ గ్రిడ్ కోడ్లు విదేశీ ముఠాకి అమ్ముతోంది. ముఠా మనిషి వేషంలో వెళ్లిన శ్రీరామ్ పాస్‌వర్డ్ సరిగ్గా పలికితే పెన్‌డ్రైవ్ తీస్తుంది. అనుమానం వస్తే పిస్టల్ తీస్తుంది.

పాస్‌వర్డ్ "మోర్గెన్-ఆవిస్". పొద్దున వచ్చే పేపరని అర్థం. రెండు మాటలు ఒకటైనా నార్వే వాళ్లు అతుకు దగ్గరే విడదీసి, మొదటి మాట మీద గట్టిగా ఊనుతారు. వైదేహి ఏం చేసింది? చిన్నప్పుడు పద్యాలకి గణాలు కట్టిన అలవాటు ఎక్కడికి పోతుంది! శుభ్రంగా సంధి చేసి "మోర్గెనావిస్" అంటూ గురువులూ లఘువులూ లెక్కపెట్టి ఆడియో పాఠాలు రికార్డ్ చేసిచ్చింది. తప్పు నాలుగు రోజుల క్రితమే తెలిసింది. ఉద్యోగం పోతుందని నోరు మూసుకుంది. నేనూ ఒక మనిషినేనా అని నాలుగు రోజులూ తనని తాను తిట్టుకుంది. తిట్టుకుని ఏం లాభం, చెప్పలేదుగా.

హెడ్‌సెట్‌లో ఇంగ్రిడ్ పాస్‌వర్డ్ అడిగింది. వైదేహి ఇక ఆగలేకపోయింది.

"సర్, నా పాఠాలు తప్పు. అతను నోరు తెరిస్తే చంపేస్తుంది. నాకు ముందే తెలుసు, దాచాను."

ఇప్పుడు రెయిడ్ చేస్తే ఆర్నెల్ల కష్టం గంగపాలని యోగానంద్ గారు మండిపడ్డారు. నీ సంగతి తర్వాత చూస్తానన్నారు. వైదేహి వినిపించుకోకుండా తలుపు తీసి తనే దిగబోయింది. ఆయన పళ్లు కొరుకుతూ మైక్ అందుకుని, మాటువేసిన టీమ్‌ని లోపలికి వెళ్లమన్నారు.

వాళ్లు దూకేసరికి శ్రీరామ్ ఇంకా నోరు మెదపలేదు. ఇంగ్రిడ్ చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లో, వేలు ట్రిగర్ మీద ఉన్నాయి. ఒక్క సెకను ఆలస్యమైతే అంతే సంగతులు. పెన్‌డ్రైవ్ ఆమె లిప్‌స్టిక్ గొట్టంలో దొరికింది.

శ్రీరామ్ వ్యాన్ ఎక్కగానే వైదేహి ఏడ్చేసింది. నా పాఠాలు విని చచ్చిపోయేవాడివంది.

శ్రీరామ్ తల దించుకున్నాడు. "అవి ఒక్కటి కూడా వినలేదు మేడమ్. సారీ."

యోగానంద్ గారు కోపంగా ఫైల్ తెరిచి, వెంటనే మూసేశారు. అందులో, పాఠాలన్నీ ఆసాంతం విన్నాను, భేషుగ్గా ఉన్నాయి అన్న కాగితం కింద సంతకం ఆయనదే.

"రిపోర్ట్‌లో," ఆయన గొంతు సవరించుకున్నారు, "ఆ పాఠాల సంగతి రాయక్కర్లేదులే అమ్మా."