కింద వాన, పైన మంచు

జయదేవ్ ఆఫీసులోకి అడుగుపెట్టేసరికి అతని జాకెట్ నిండా దోసెల పిండి ఉంది. కాలర్ మీద ఎండిపోయింది, జేబు దగ్గర ఇంకా పచ్చిగానే ఉంది. మొహం కందగడ్డలా ఉంది.

"ఇక్కడ చాముండేశ్వరి అంటే ఎవరండీ?"

"నేనే," అంది చాముండేశ్వరి కంప్యూటర్ మీంచి తలెత్తకుండా. తలెత్తాలన్నా ఓపిక కావాలి.

దేశం కాని దేశంలో, సర్రీ అనే ఊళ్ళో వీర్రాజుగారి సరుకుల గోడౌన్ అది. అక్కణ్ణుంచి దోసెల పిండి, కరివేపాకు, అప్పడాలు వ్యాన్లలో కొండలు దాటి కెలోనా కొట్లకు వెళ్తాయి. ఆర్డర్లు చూసేది చాముండేశ్వరి. పొద్దున్నే వెదర్ చూసి, డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో నాలుగు మాటలు రికార్డు చేసి పెట్టేదీ ఆమే. జయదేవ్ కొత్త డ్రైవరు. మొన్నమొన్నటిదాకా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాడు. లేఆఫ్‌లో ఆ ఉద్యోగం పోయాక, ఇంకోటి దొరికేదాకా అని స్టీరింగ్ పట్టుకున్నాడు.

"నిన్న మీరేం మెసేజ్ పెట్టారో గుర్తుందా?"

"ఉంది. కింద వాన, పైన మంచు, జాగ్రత్త."

"ఆ మంచేనండీ నా కొంప ముంచింది! మా తెనాల్లో మంచంటే పొద్దెక్కేసరికి విడిచిపోయేది. ఫాగ్ లైట్లేసుకుని పోతే చాలనుకున్నా. గ్లవ్స్ లేవు, టోపీ లేదు. పైకెళ్ళి చూస్తే మోకాలి లోతు స్నో! ముందు ఏదో ట్రక్కు అడ్డం తిరిగింది, రోడ్డు మూసేశారు. పిండి గడ్డకట్టిపోతుందేమోనని బకెట్లు తెచ్చి పక్క సీట్లో పెట్టుకుని హీటర్ వేశా."

చాముండేశ్వరి ఇప్పుడు తలెత్తింది. "పిండి పక్కన హీటరు వేశారా?"

"వేశా. పులిసింది. పొంగింది."

ఆమెకు నవ్వు ఆగలేదు. తను నవ్వి ఎన్నాళ్ళయిందో తనకే గుర్తులేదు. అందుకే ఆ నవ్వు విని తనే కాస్త ఉలిక్కిపడింది.

"నవ్వండి, నవ్వండి. స్నో అని చెప్పొచ్చుగా?"

"మెసేజ్ తెలుగులోనే ఉండాలని వీర్రాజుగారి ఆర్డరు."

"తెలుగులో అన్నిటికీ ఒకటే మాటండీ! గడ్డి మీద పడేదీ మంచే, రోడ్డు మీద కమ్మేదీ మంచే, మనిషిని పాతిపెట్టేదీ మంచే."

"మనిషిని పాతిపెట్టేది మన ఊళ్ళల్లో పడదు కదా, ఇంకో మాటతో పనేముంది? రేపట్నుంచి విడమరిచి చెప్తాలెండి. ముందెళ్ళి ఆ జాకెట్ కడుక్కోండి, నాకు ఆకలేస్తోంది."

అతను కాలర్ మీది పిండి గీక్కుంటూ వెళ్ళిపోయాడు.

సర్రీలో మార్చి అంటే, పూసిన చెర్రీ చెట్టు కింద గొడుగు పట్టుకుని నిలబడటం. చాముండేశ్వరి నంద్యాల ఎండలో పుట్టి పెరిగిన మనిషి. నాలుగేళ్ళుగా ఈ వానలో నాని నాని ఆమె ప్రాణం విసిగిపోయింది. ఉండేది బేస్‌మెంట్ గదిలో. కిటికీలోంచి చూస్తే దారిన పోయేవాళ్ళ బూట్లు కనిపిస్తాయి, మొహాలు కనిపించవు.

"చలి ఎక్కువేలే గానీ, ఇక్కడ ఎండ కాస్తుందే. మా పైగది ఖాళీగా ఉంది, వచ్చెయ్," అని విన్నిపెగ్ నుంచి అక్క మీనాక్షి పోరుతూ ఉంది. ఒక ఆఫీసులో ఉద్యోగం కూడా మాట్లాడిపెట్టింది. తను లేకపోతే ఈ ఊళ్ళో ఎవరికైనా లోటుగా ఉంటుందా అని చాముండేశ్వరి ఒకరోజు బస్సులో కూర్చుని ఆలోచించింది. ఉండదని తేల్చుకుని, అక్కకు సరేనంది. నెలాఖరుకు ప్రయాణం. సంగతి వీర్రాజుగారికి ఒక్కరికే చెప్పింది.

మర్నాటి నుంచి మెసేజ్‌లు మారాయి. "హోప్ దాకా వాన. అక్కణ్ణుంచి కోకిల మీద స్నో. తెనాలి మంచు కాదు, అసలుది." కొండల కిందున్న హోప్ ఊరి నుంచి పైకెక్కే కోకిహాలా అనే రోడ్డు పేరు తెలుగు డ్రైవర్ల నోట్లో ఎప్పుడో కోకిలగా మారిపోయింది.

జయదేవ్ పైనుంచి ఆమెకు విడిగా జవాబు పంపేవాడు. "మీ వాన హోప్ దాకా తోడొచ్చి, నన్నొక్కణ్ణే పైకి పంపి వెనక్కి పోయిందండీ." ఇంకో రోజు, "ఇవాళ మీ లెక్క తప్పింది. ఇక్కడ ఎండ కాస్తోంది. కావాలంటే ఓ డబ్బా నింపి తెస్తా." ఇన్నేళ్ళలో డ్రైవర్లెవరూ, చెప్పినది జరిగిందో లేదో ఆమెకు తిరిగి చెప్పలేదు. చాముండేశ్వరి బస్సులో చెవికి ఫోన్ ఆనించుకుని ఒక్కో మెసేజీ రెండేసిసార్లు వినేది. అతన్ని ఇష్టపడుతున్నానని ఆమెకు తెలిసిపోయింది. తెలిసి, దిగులు పడింది. ఇంత అలసిపోయాక, వెళ్ళే ముందు ఇదొకటా!

ఒకరోజు టీ తాగుతూ వీర్రాజుగారు జయదేవ్ ముందు నోరు జారారు. "అమ్మాయి విన్నిపెగ్ వెళ్ళిపోతోందండి. ఇహ మన కోకిల సంగతి చెప్పేదెవరండి?"

జయదేవ్ చేతిలో కప్పు ఆగిపోయింది. చాముండేశ్వరి అతని మొహంలోకి చూసింది. ఏదో ఒకటి అంటాడనుకుంది.

"కంగ్రాట్స్ అండీ," అన్నాడతను. "అక్కడ ఎండ బాగా ఉంటుందట కదా."

ఆమె నీరుగారిపోయింది. "ఆఁ, ఉంటుందట," అని ఆర్డర్లలోకి తలదూర్చేసింది. ఆ తర్వాత అతని జవాబులు కూడా పొడిపొడిగా వచ్చేవి. "ఓకే అండీ." "చేరానండీ."

ఆఖరి పనిరోజున చాముండేశ్వరి వీర్రాజుగారిని ఒకటే కోరిక కోరింది. "కోకిలను ఎప్పుడూ రోడ్డు కెమెరాల్లో చూడ్డమే. ఒక్కసారి వ్యానులో వెళ్ళొస్తా సార్."

"ఆయ్! ఇన్నేళ్ళూ దాని కబుర్లు చెప్పి, అసలు చూడనేలేదా అమ్మాయ్? వెళ్ళిరా," అన్నారాయన. ఆరోజు ఆ రూటు జయదేవ్‌దని ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

హోప్ దాకా వానే. వైపర్లు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. హోప్ దాటి ఎక్కుడు మొదలయ్యాక వాన చినుకు బరువెక్కింది, ఆ తర్వాత తెల్లబడింది. రోజూ తన నోటితో తను చెప్పే మార్పే అది. కళ్ళ ముందు జరుగుతుంటే చాముండేశ్వరి అద్దానికి మొహం ఆనించి చూసింది.

పైన బళ్ళు ఆపుకునేచోట జయదేవ్ వ్యాను ఆపి, అద్దాలు తుడవడానికి దిగాడు. ఆమె కూడా తలుపు తీసి ఒక కాలు బయటపెట్టింది.

"ఉండండి!" అని అరిచాడతను.

చాముండేశ్వరి అలాగే ఆగిపోయింది. కింద ఐసుంది, జారుతుంది, చెయ్యందిస్తాను, ఆగమని అతని ఉద్దేశం. అది ఆమెకు తెలియకపోలేదు. కానీ ఆ మాట కోసమే ఇన్నాళ్ళూ చెవులు కాయలు కాచేలా ఎదురుచూసింది. దాన్ని ఊరికే పోనివ్వబుద్ధి కాలేదు.

"ఆగమంటున్నారా, వెళ్ళొద్దంటున్నారా?"

జయదేవ్ అద్దం మీది స్నోను బ్రష్‌తో దులపడం మొదలుపెట్టాడు.

"నాకు ఊహించే ఓపిక లేదు జయదేవ్ గారూ. రోజూ ఆకాశాన్ని చూసి ఊహించడంతోనే సరిపోయింది. మీ మనసులో ఏముందో కూడా నేనే చూసి చెప్పాలంటే, నావల్ల కాదు."

"మీరు సంతోషంగా వెళ్తున్నారనుకున్నా," అన్నాడతను నెమ్మదిగా. "మీకు ఎండ కావాలి. దాన్ని నేనెక్కణ్ణుంచి తెస్తానండీ? సరైన ఉద్యోగం కూడా లేదు. ఏ మొహం పెట్టుకుని అడగను?"

"అడగడానికి ఉద్యోగమెందుకు? వానొస్తుందా, రోడ్డు తెరిచారా, పిండి ఎప్పుడొస్తుంది, అన్నీ అడిగారు నన్ను అందరూ. ఉండమని మాత్రం ఒక్కరు కూడా అడగలేదు." అనేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని దాచుకునే ఓపిక కూడా లేక వదిలేసింది.

జయదేవ్ బండి చుట్టూ తిరిగి, స్నోలో కాళ్ళీడ్చుకుంటూ వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. చేతిలో బ్రష్ అలాగే ఉంది.

"ఉండు," అన్నాడు.

'అండి' ఎక్కడ జారిపోయిందో అతనికే తెలియలేదు. తెలిశాక చెవులు ఎర్రబడ్డాయి. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. "ఉండు చాముండీ. నువ్వు వెళ్తే నేను తట్టుకోలేను."

చాముండేశ్వరి బయటపెట్టిన కాలు మెల్లగా లోపలికి తీసుకుని, సీటుకు జారగిలబడింది.

"తలుపెయ్యి, చలేస్తోంది," అంది. "సిగ్నల్ ఉన్నచోటికి పోనీ. అక్క చేత తిట్లు తినాలి."