పైనుంచి ఐదు, కిందనుంచి రెండు

“ఆ కుర్చీ నాది,” అన్నాడు మనవాడు.

“కుర్చీ మీద నీ పేరేం లేదే!” అంది ఆ అమ్మాయి, అప్పటికే అందులో సర్దుకుని కూర్చుంటూ.

అదండీ తొలిచూపు. స్కాన్లు చదివే చీకటి గది అది. కిటికీ ఉండదు, వెలుతురంతా స్క్రీన్లదే. బయట వాన పడుతోందో లేదో లోపలికొచ్చేవాళ్ల గొడుగులు చూసి తెలుసుకోవాలి. ఒకళ్ల మొహం ఒకళ్లకి నీలంగా కనిపిస్తుంది. ప్రేమ పుట్టడానికి అదేమంత మంచి రంగు కాదు. అయినా పుట్టింది. ముందు మనవాడికే.

ఇద్దరూ స్కాన్ల డాక్టరు చదువులో ఒకే ఏడు. ఆమెకి తల, మెడ స్కాన్లు అప్పగించారు. ఇతనికి నడుం. దాంతో వారం తిరక్కుండా ఇద్దరి పేర్లూ పోయి “మెడ”, “నడుం” మిగిలాయి.

“మెడ గారూ, టీకి వస్తారా?”

ఆమె తల అడ్డంగా ఊపింది. “ఇప్పుడు కదిలిందే, అది మెడలో మొదటి పూసకీ రెండో పూసకీ మధ్య కీలు. ‘వద్దు’ అనడానికి దేవుడిచ్చింది. తలకీ మొదటి పూసకీ మధ్య ఇంకోటుంటుంది. అది ‘సరే’ అనడానికి.”

“ఆ రెండోది నీకు తుప్పు పట్టినట్టుంది.”

“ఎదురుగా ఉన్న మనిషిని బట్టి పడుతుందిలే.”

అసలు గొడవ పూసల లెక్క దగ్గర. వెన్నుపూసల మీద నంబర్లు అచ్చేసి ఉండవు కదా. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టి లెక్కపెట్టుకోవాలి. రెండో మెడపూసకి మేకులా ఒక ముక్క నిలబడి ఉంటుంది. ఆమె దాన్ని పట్టుకుని పైనుంచి కిందకి దిగుతుంది. ఇతను నడుం అడుగున ఉన్న పెద్ద ఎముక నుంచి పైకి ఎక్కుతాడు.

“మేడ దిగడానికి బేస్‌మెంట్లోంచి బయల్దేరతారా ఎవరైనా?” అంటుంది ఆమె.

“రెండో అంతస్తులో పనుంటే పదో అంతస్తు దాకా ఎవడైనా ఎక్కుతాడా?” అంటాడు ఇతను.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. మామూలు మనిషికి నడుంపూసలు ఐదే కాబట్టి ఎటునుంచి లెక్కపెట్టినా లెక్క కలిసేది. పోట్లాట మాత్రం కలవకుండా చూసుకునేవాళ్లు.

అలా ఉండగా ఒక స్కాన్ వచ్చింది. ఎవరో బట్టలు కుట్టే ఆయన. మిషను మీద వంగీ వంగీ నడుం డిస్క్ జారింది, కాలు లాగేస్తోంది. తెల్లారితే ఆపరేషను. మనవాడు కిందనుంచి ఎక్కి, “నాలుగో పూస కింది డిస్క్” అని రిపోర్టు రాసేసి చేతులు దులుపుకున్నాడు.

మధ్యాహ్నానికి ఆమె తడిసిన గొడుగుతో ఊడిపడింది. 

“ఈయనకి నడుంలో ఆరు పూసలున్నాయి, చూశావా? పైనుంచి వస్తే చెడింది ఐదో దాని కింద. పెద్ద మేడమ్‌కి చూపించా. రిపోర్టు దిద్దించేశా.”

మనవాడు చూశాడు. నిజమే, ఆరున్నాయి. తప్పు ఒప్పుకుంటే సరిపోయేది. కానీ మగాడి పౌరుషమూ జారిన డిస్కూ ఒకటేనండీ, ఒకపట్టాన వెనక్కి వెళ్లవు. వెంటనే కారిడార్లోకి వెళ్లి సర్జన్‌కి ఫోన్ కొట్టాడు.

“సార్, ఆపరేషన్ బల్ల మీద మీరు పూసలు ఎటునుంచి లెక్కపెడతారు?”

“కిందనుంచేనయ్యా. నడుం కొయ్యడానికి మెడ దాకా ఎవడు పోతాడు?”

“అదీ సార్! నేనూ అదే అంటున్నా!” అని ఫోన్ పెట్టేసి ఎగిరి గంతేశాడు. గంతు సగంలో ఉండగా, దిద్దిన రిపోర్టులో ఏముందో గుర్తొచ్చింది.

పరుగెత్తుకుంటూ మళ్లీ చీకటి గదిలోకి, ఆమె దగ్గరికెళ్లాడు.

“నేనే గెలిచా,” అన్నాడు.

“గెలిచినోడి మొహం అలా ఉంటుందా?”

“సర్జన్ కూడా కిందనుంచే లెక్కపెడతాడు. నీ రిపోర్టులో ఐదు అని ఉంది. ఆయన అడుగునుంచి ఎక్కితే, అందరికీ ఉండేవి ఐదే కదా అని, మొట్టమొదట తగిలేదే ఐదు అనుకుంటాడు. దాని కింది డిస్క్ బాగానే ఉంది. బాగున్నదాన్ని కోసేస్తాడు, చెడింది అలాగే ఉండిపోతుంది.”

ఆమె లేవబోయి, మళ్లీ కూలబడింది.

“నీ లెక్క తప్పు. అదే ఉంచితే సరిగ్గా కోసేవాడు. నాది ఒప్పు...” స్క్రీన్ మీది పూసని వేలితో చూపించింది. “ఆ నడుం మా నాన్నది.”

“ముందే చెప్పొచ్చుగా!”

“నా మనిషని తెలిస్తే నీ కన్ను మొహమాటపడుతుందని చెప్పలేదు.”

ఇద్దరూ ఒకే కుర్చీలో ఇరుక్కుని స్క్రీన్ మీదికి వంగారు. ఈసారి అది ఎవరిదని ఎవరూ అడగలేదు. ఒకళ్లు పైనుంచి, ఒకళ్లు కిందనుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి ఒకే పూస దగ్గర ఆగారు. అక్కడ బాణం గీసి కింద రాశారు: “నడుంలో ఆరు పూసలు. పైనుంచి ఐదోది, కిందనుంచి రెండోది. దీని కింది డిస్కే.” పెద్ద మేడమ్ సంతకం చేసింది. ఆ కాగితం తీసుకుని ఇద్దరూ వానలోనే సర్జన్ దగ్గరికి పరుగెత్తారు. గొడుగు గదిలోనే మర్చిపోయారు. ఆయన బాణం కేసి చూసి, “నయమయ్యా, ఇప్పుడైనా చెప్పారు,” అన్నాడు.

ఆపరేషన్ అయిన మర్నాడు మనవాడు వార్డుకి వెళ్లాడు. పెద్దాయన అప్పటికే నాలుగడుగులు వేసి, కాలు లాగడం లేదని మురిసిపోతున్నాడు. పక్కన వాళ్లావిడ, బడిలో హెడ్‌మిస్ట్రెస్. ఇంట్లో కూడా అదే ఉద్యోగం.

“ఈయనకి అసలు వెన్నెముకే లేదనుకున్నా ఇన్నాళ్లూ. ఒకటి ఎక్కువేనటగా!” అంది ఆవిడ.

పెద్దాయన తల ఊపాడు.

మనవాడు, మీ అమ్మాయంటే నాకిష్టం, పెళ్లి చేసుకుంటానని చెప్పేశాడు. పెద్దాయన మళ్లీ తల ఊపాడు.

“ఆ ఊపుడు లెక్కలోకి తీసుకోకు బాబూ. ఇల్లు తగలబడిందన్నా అలాగే ఊపుతారు,” అంది ఆవిడ.

“అయితే నోటితోనే చెప్తా,” అన్నాడు పెద్దాయన. ఆవిడ ఉలిక్కిపడింది. “వాదన గెలిచి కూడా ఓడినవాడిలా పరుగెత్తుకొచ్చాడట ఈ అబ్బాయి. మన పిల్లతో కాపురం చెయ్యడానికి ఇంతకన్నా ఏం చదువు కావాలే?”

ఆవిడ మొదటిసారిగా మొగుడి మాటకి తల ఊపింది.

ఆమె గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. మనవాడు అటు తిరిగాడు.

“మరి నీ సంగతి? ఏ కీలు కదుపుతావు?”

“నువ్వేగా తుప్పు పట్టిందన్నావు.”

“టీలో రెండు చుక్కలు నూనె వేయిస్తా.”

ఆమె నవ్వాపుకుంటూ తల ఊపింది. ఒకసారి పైనుంచి కిందకి. లెక్క తేడా రాకూడదని, ఇంకోసారి కిందనుంచి పైకి.