లాక్ వేసి ఉందండి

పొద్దున్నే ఇంట్లోంచి బయల్దేరేముందు పొయ్యికి లాక్ వెయ్యడం నగుమో కత్సుజికి బూట్లు తొడుక్కున్నంత అలవాటు. ఇంట్లో ఉండేది ఎనభై దాటిన తల్లి ఫుమి ఒక్కతే. ఆమెకి మతిమరుపు ముదిరింది. ఒకసారి పొయ్యి మీద ఖాళీ గిన్నె పెట్టి మర్చిపోతే వంటింటి కర్టెన్ అంటుకుంది. అప్పట్నుంచీ అతను బొత్తాం ఒకటి గట్టిగా నొక్కిపట్టి లాక్ వేసి, బల్ల మీద అన్నం ముద్దలు పెట్టి పనిలోకి పోతున్నాడు. ఆవిడ చల్లారిన తిండి ముట్టదు. అందుకే మధ్యాహ్నం ఎంత పనున్నా ఇంటికొచ్చి, చేప కాల్చి, పక్కన కూర్చుని తినిపించి వెళ్తాడు. పొయ్యిలు బాగుచేసేవాడి ఇంట్లో పొయ్యికి తాళమేంటయ్యా అని ఇరుగుపొరుగు ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకుంటాడు.

ఆరోజు మాత్రం మధ్యాహ్నమంతా మినెగిషి వాళ్ళింట్లోనే గడిచిపోయింది.

ఉవోజు రేవు వెనక సందులో ఇల్లు. జూన్ వాన ఆగకుండా కురుస్తోంది. చాపలు చెమ్మ పట్టి బూజు వాసనేస్తున్నాయి. తలుపు తీసిన ఆ ఇంటి కోడలు సాయోకోకి నలభై ఉంటాయేమో, కళ్ళ కింద మాత్రం అరవై ఏళ్ళ ముడతలున్నాయి. పొయ్యి దానంతటదే మాట్లాడుతోందని, కంటి మీద కునుకు లేదని, మొగుడు ఆఫీసులోనే పడుకుంటున్నాడని గడపలోనే ఏకరువు పెట్టింది.

ఆమె చెప్తుండగానే వంటింట్లోంచి మర్యాదగా, ఏదో పెద్ద దుకాణంలో అమ్మాయి మాట్లాడినట్టు వినిపించింది.

"లాక్ వేసి ఉందండి."

లాక్ వేసున్నప్పుడు ఎవరైనా బొత్తాం నొక్కితే పొయ్యి పలికే మాట అది. దాని ముందు మాత్రం ఎవరూ లేరు.

కత్సుజి కంగారుపడలేదు. ఇలాంటివి వందలు చూశాడు. ముందు బ్యాటరీలు కొలిచాడు, బాగానే ఉన్నాయి. పైపలక మరలు ఊడదీసి ఎత్తాడు. పొయ్యిలోనే కింద ఉండే చేపల గ్రిల్లులోంచి ఏళ్ళ తరబడి లేచిన కొవ్వంతా లోపల చీమిడిలా పేరుకుని వేలాడుతోంది. కంట్రోల్ బోర్డు మూత తీస్తే వెచ్చదనానికి చేరిన బొద్దింకలు బిలబిలమంటూ అతని మణికట్టు మీదుగా పాకాయి. రెట్టలు, గుడ్ల తిత్తులు, రాలిన రెక్కలు. వాటన్నిటి కింద కుళ్ళిన చేప కంపు. ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నవాడికి కూడా డోకొచ్చింది.

దొంగ దొరికాడనుకున్నాడు. బొద్దింకల రెట్ట తీగల మధ్య చేరితే బోర్డుకి పిచ్చెక్కడం మామూలే. శ్వాస బిగబట్టి, స్పిరిట్ వేసి బ్రష్షుతో మెరిసేదాకా తుడిచాడు. మళ్ళీ కలిపి, రెండు బొత్తాలు ఒకేసారి నొక్కి పరీక్ష పెట్టాడు. తెర మీద మెమరీలో తప్పుందని వచ్చింది.

అప్పుడు పొయ్యి మెమరీలోకెళ్ళి లెక్కలు చూశాడు. ఈ రకం పొయ్యి ప్రతీదీ గుర్తుపెట్టుకుంటుంది. లాక్ వేసున్నప్పుడు ఎవరైనా వెలిగించబోతే, ఆ నొక్కుడు కూడా మెమరీలో రాసుకుంటుంది. చిప్ మీద ఇన్ని లక్షలసార్లే రాయగలం, ఆ తర్వాత అది అరిగిపోతుంది. మామూలు కాపురంలో మనవళ్ళ కాలానిక్కూడా అరగదు. ఇక్కడ ఆ అంకె చివరికంటా పోయి, ఇక పెరగడానికి చోటు లేక ఆగిపోయింది.

"ఇన్నిసార్లు ఎవరు నొక్కారమ్మా?" అన్నాడు.

సాయోకో చేతిలో గుడ్డ మెలిపెడుతూ నిలబడింది. తర్వాత నసుగుతూ చెప్పుకొచ్చింది. అత్తగారు తొమెకి మతి చెడ్డాక పొయ్యికి లాక్ వేసేవాళ్ళట. పోయిన చలికాలం మొగుడూ పెళ్ళాలు వేడినీటి ఊటల ఊరికి ఒక్కరాత్రికని వెళ్ళారు. మంచు కురిసి రైళ్ళు ఆగిపోయి అక్కడే ఇరుక్కుపోయారు. తిరిగొచ్చేసరికి బల్ల మీద పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది. ముసలమ్మ పొయ్యి ముందు మోకాళ్ళ మీదే బిగుసుకుపోయి, వేలు బొత్తాం మీద పెట్టి ఉంది. పక్కన కాల్చని ఎండు చేప.

"ఆకలితో కాదండీ. గుండె ఆగిందన్నాడు డాక్టరు," అంది గబగబా. "రోజూ ఆవిడ పేరున పూజా పీఠం ముందు వేడి అన్నం పెడుతున్నాను. దణ్ణం పెడుతున్నాను. చచ్చిపోయినవాళ్ళకి చేప పెట్టకూడదు కదా... ఇంకేం కావాలట ఆవిడకి?"

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు పొయ్యిని అరచేత్తో ఒక్కటిచ్చింది. కత్సుజికి ఆమె మీద అసహ్యం వేసింది. ఆ వెంటనే తన వంటింటి బల్ల మీది అన్నం ముద్దలు గుర్తొచ్చాయి. అసహ్యం తిరిగొచ్చి అతని మీదే వాలింది. అమ్మ ఇంకా ఏమీ తిని ఉండదు.

త్వరగా ముగించి పోవాలని, తుడవడానికి గ్రిల్లు బొత్తాం ఊడబెరికాడు. దాని చుట్టూ సందులో ఏదో ఇరుక్కుని ఉంది. బొద్దింక రెక్క అనుకుని పట్టకారుతో లాగాడు.

గోరు. పసుపురంగు ముసలి గోరు... మొదలు దగ్గర అంటుకున్న ఎండు చర్మంతో సహా.

 దాన్ని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో పడేసి, సింకు దగ్గర చేతులు మళ్ళీ మళ్ళీ కడుక్కున్నాడు. తిరిగొచ్చి బొత్తాన్ని స్పిరిట్‌తో తుడిచి బిగించాడు.

వాన చప్పుడు. కుళాయి చుక్కలు. ఎక్కడినుంచో... పాచిపళ్ళ వాసన. చాన్నాళ్ళు మూసుకున్న నోరు, అతని చెవి పక్కనే తెరుచుకున్నట్టు.

బొత్తాం లోపలికి దిగింది.

లేచింది. మళ్ళీ దిగింది.

"లాక్ వేసి ఉందండి."

ఇప్పుడే తుడిచిన బొత్తాం మీద... తడి. జిడ్డుగా, గుండ్రంగా, వేలిముద్రంత.

"చూశారా," అని గుసగుసలాడింది సాయోకో, గోడకి అంటుకుపోయి. "తియ్యకండి... లాక్ మాత్రం తియ్యకండి."

కత్సుజి బ్యాటరీలు లాగేశాడు. పాత బోర్డు పీకి సంచిలో పడేసి, సామాను పెట్టెలో ఉన్న కొత్త బోర్డు బిగించాడు. లెక్క సున్నా చూపించింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి తెర వంక చూస్తూ నిలబడ్డారు. సున్నా కదల్లేదు. బొత్తాం కదల్లేదు. కంపు కూడా పోయింది, వానకి తడిసిన మట్టి వాసన మాత్రం కిటికీలోంచి వచ్చింది. సాయోకో నేల మీద కూలబడి ఏడ్చింది.

"పోయిందాండీ?"

"పోయినట్టే ఉందమ్మా," అన్నాడు. ఎక్కడికి పోయిందని ఆమె అడగలేదు, అతనూ అనుకోలేదు.

బయట బండెక్కి తలుపు వేసుకున్నాక గుండె కుదుటపడింది. ఇంటికి ఫోన్ చేశాడు. వస్తున్నానని, దారిలో మంచి చేప తెస్తానని చెప్దామనుకున్నాడు. రేపట్నుంచి లాక్ వెయ్యకూడదని, ఎవరినైనా మనిషిని పెట్టాలని కూడా అనుకున్నాడు. ఫోన్ చాలాసేపు మోగింది. ఎత్తారు.

"అమ్మా, అన్నం తిన్నావా?"

"చల్లగా ఉందిరా కత్సూ." ఆమె ఎందుకో గుసగుసగా మాట్లాడుతోంది. "పొయ్యి వెలగట్లేదు."

"వచ్చేస్తున్నానమ్మా. నువ్వు కూర్చో. పొయ్యి జోలికి పోకు."

"నేను పోలేదు నాన్నా. ఈవిడే ఆగట్లేదు."

కత్సుజి ఫోన్ చెవికి అదుముకున్నాడు. అమ్మ మాట వెనకాల, తన సొంత వంటింట్లోంచి, ఆ మర్యాద గొంతు వినిపించింది.

"లాక్ వేసి ఉందండి."

"ఎవరమ్మా... ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరో తెలీదురా. చేప తెచ్చుకుంది. పాపం, వేలికి గోరు కూడా లేదు," అంది ఫుమి జాలిగా. "నొప్పెడుతుంది కదా... అందుకే ఇప్పుడు నా వేలు పట్టుకుని నొక్కుతోంది."

"లాక్ వేసి ఉందండి. లాక్ వేసి ఉందండి. లాక్ వేసి..."