నలభై ముక్కల నీరు

శాటిలైట్ మ్యాపుల ఆఫీసులో సంతకం పెట్టే సీనియర్ ఎనలిస్టును నిన్న ఉదయం ఎవరో లారీతో గుద్ది చంపేశారు. ఇవాళ ఆయన కుర్చీలో సోడాబుడ్డి కళ్లద్దాలు పెట్టుకుని ఏజెంట్ కొంగ కూర్చున్నాడు. గంటల తరబడి కదలకుండా మాటు వేయగలడని గూఢచారి డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది.

పొద్దున చీఫ్ బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది.

"కొండమీద రిజర్వాయర్ నిండిపోయింది. కానీ గేట్ల కంట్రోల్ రూమ్‌లో ఉన్న మ్యాప్ ప్రకారం సగమే నిండింది. అది పోయిన వేసవి బొమ్మ. విదేశీ ముఠా తేదీ మార్చింది. వానలకి దారి తెగి, ఆనకట్ట దగ్గర చూసే మనిషి కూడా లేడు."

"ఫోన్ చేసి గేట్లు ఎత్తమంటే?"

"చేశాను. రెండు సంతకాలున్న కొత్త మ్యాప్ వస్తేనే ఎత్తుతారట. కింద ఊరు ఖాళీ చేయించాలన్నా అదే మ్యాప్ కావాలట. మూడింటికి నీళ్లు కట్ట దాటుతాయి. కట్ట తెగుతుంది."

రెండు సంతకాల్లో ఒకటి కొంగది. రెండోది సెక్షన్ హెడ్ మేడమ్‌ది. సిల్క్ స్కార్ఫ్, ఎర్రటి లిప్‌స్టిక్, గది దాటినా వదలని సెంటు వాసన. డిపార్ట్‌మెంట్‌కి కబుర్లు చేరవేస్తూనే ముఠాకి పనిచేస్తున్న డబుల్ ఏజెంట్ ఆవిడే. అరెస్టు చేస్తే సంతకం రాదు. బెదిరిస్తే ఒక్క మీటతో సిస్టమ్ మొత్తం లాక్ చేసేస్తుంది.

కట్ట కింద ఊళ్లోనే కొంగ అక్క కాపురం.

పెన్నులో కెమెరా ఉంది, చంకలో పిస్టల్ ఉంది. ఏం లాభం? మబ్బుల్లోంచి చూడగల రాడార్ శాటిలైట్ ఆ కొండ మీదికి వచ్చేది ఒకటీ యాభైకి. పిస్టల్ చూపిస్తే అంతకంటే ముందు రాదు కదా!

ఒకటిన్నరకి ఫోన్ మోగింది. అక్క.

"ఏరా, బతికే ఉన్నావా? ఇక్కడ వాన తెరిపిచ్చిందిరా. పిల్లలు బడికెళ్లారు."

పారిపో అక్కా అన్న మాట గొంతు దాకా వచ్చింది. ఎదురుగా మేడమ్ వింటోంది.

"పనిలో ఉన్నానక్కా."

"నీకెప్పుడూ పనే!" అక్క విసుక్కుని పెట్టేసింది. కొంగకి ఏడుపొక్కటే తక్కువ.

శాటిలైట్ తీసిన బొమ్మ రెండున్నరకి కంప్యూటర్‌లోకి దిగింది. మధ్యాహ్నం పూట మేడమ్ రోజూ చేసే పని ఒకటుంది. ఏ ఊరిదో, ఏ తేదీదో తెలియకుండా కంప్యూటర్ నలభై చిన్న ముక్కలు కలగాపులగంగా చూపిస్తుంది. ఒక్కోదానికీ నీరా, కాదా చెప్పాలి. నలభై పూర్తవగానే ఆ ముక్కల మ్యాప్ మీద ఆవిడ సంతకం దానంతటదే పడుతుంది. కొంగ తన సంతకం పెట్టేసి, ఇవాళ్టి ముక్కల చోట కొత్త బొమ్మ ముక్కలు పెట్టాడు. ఇక చేయగలిగింది ఏమీ లేదు. కూర్చోవడమే.

"నీరు," మేడమ్ మౌస్ నొక్కింది. "నీరు. కాదు. నీరు."

తేదీ మార్చడానికి ఆవిడ చెయ్యి వణకలేదు. కానీ కళ్లముందున్న ముక్కకి తప్పు జవాబివ్వడం మాత్రం ఇరవై ఏళ్ల సర్వీసులో ఆవిడకి చేతకాలేదు.

ముప్పై ఏడో ముక్క దగ్గర చెయ్యి ఆగింది. తీరిగ్గా కాఫీ కప్పు అందుకుంది. రెండూ యాభై ఆరు.

"ఏమయ్యా, ఇలా రా. ఇది నీరంటావా, కొండ నీడంటావా?"

నీరంటే అనుమానిస్తుంది. నీడంటే అక్క ఉండదు. కొంగ కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"మీకు తెలియనిదా, మేడమ్?"

ఆవిడ బొమ్మను పెద్దది చేసింది. తల పక్కకి వంచి చూసింది. అంచును వేలితో తడిమింది. కొంగ తనకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు.

"నీరే." టిక్. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. నలభై.

సంతకం పడింది. మ్యాప్ వెళ్లిపోయింది. రెండూ యాభై తొమ్మిదికి కంట్రోల్ రూమ్ నుంచి మెసేజ్: గేట్లు ఎత్తుతున్నాం.

అప్పుడు తెరమీద రిజర్వాయర్ పేరు వెలిగింది. మేడమ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. వరండాలోంచి డిపార్ట్‌మెంట్ మనుషులిద్దరు బేడీలతో లోపలికొచ్చారు. కొంగ కళ్లద్దాలు తీసి, ఆవిడ ముందే భోరుమన్నాడు.

మేడమ్ లేచి నిలబడింది. ముఠా గురించి అడగలేదు, శిక్ష గురించి అడగలేదు.

"ముప్పై ఏడోది నీరేనా?"

"నీరే, మేడమ్."

"అమ్మయ్య!" అని చేతులు ముందుకు చాపింది.