కూర్చున్న నిమిషాలు

ఆమె గొడుగు మూయకుండానే పుస్తకాల ప్రచురణ ఆఫీసులోకి వచ్చింది. నీళ్లు ధారగా బల్ల మీది ప్రూఫుల మీద పడ్డాయి. అతను కాగితాలు గబగబా పక్కకి లాక్కుని ఎవరు కావాలని అడిగాడు.

ఆమె చేతిసంచిలోంచి పల్చటి పుస్తకం ఒకటి తీసి అతని ముందు పెట్టింది. వానకి తడిసి అప్పడంలా ఉబ్బి ఉంది. "ఒక పూట నడకలు" అని పేరు. సిటీ బస్సెక్కి వెళ్లి, కొండో చెరువో చూసుకుని, మధ్యాహ్నానికి ఇల్లు చేరగలిగే పద్నాలుగు దారులు అందులో ఉన్నాయి.

"ఇది రాసినాయన కావాలి."

"నేనేనండీ."

ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది. పొడుగాటి కాళ్ల దగ్గర చూపు కాసేపు ఆగింది.

"అదీ సంగతి," అంది.

గొడవ తొమ్మిదో నడక గురించి. ముప్పై నాలుగో నంబరు బస్సు ఆఖరి స్టాపులో దిగి, కొండ మీది చెరువు దాకా వెళ్లాలి. యాభై నిమిషాలు, సులువు అని పుస్తకంలో ఉంది. ఆమె వాళ్ల నాన్నని తీసుకుని వెళ్లింది. సగం దారిలో చెక్క వంతెన చేరేసరికే గంటా పది నిమిషాలైంది. ఆయన వంతెన మీద కూర్చుని, వెనక్కి పోదామన్నారు.

మీ నాన్నగారికి ఒంట్లో ఎలా ఉందని అతను మర్యాదగానే అడిగాడు. గుండె నీరసంగా ఉందని, డాక్టరు నెమ్మదిగా నడవొచ్చన్నాడని ఆమె చెప్పింది. అతను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. మామూలు మనుషులకి యాభై నిమిషాలే పడుతుందని, తనే వాచీ పెట్టి కొలిచానని అన్నాడు.

"మీరు దారిలో ఎక్కడా కూర్చోలేదా?"

"కూర్చున్నాను. కూర్చున్నప్పుడు వాచీ ఆపేస్తాం. నడక సమయం కదండీ, కూర్చోవడం నడక కాదు కదా."

ఆ ఆఫీసులో మొదటినుంచీ అదే పద్ధతి. ఎడిటర్ గారు అతనికి అలాగే నేర్పారు. ఇన్నేళ్లలో ఎవరూ ఎందుకని అడగలేదు. ఇప్పుడు పైకి చెప్పాక అతని మాట అతనికే ఎలాగో వినిపించింది.

"పద్నాలుగు దారుల్లోనూ ఆపేశారా?"

"ఆపేశాను."

"బాగుంది. వంట చేసి, ఉడికిన సేపు లెక్కలోకి రాదన్నట్టుంది."

తర్వాత ఆమె కూర్చుంది. కోపం దిగిపోయాక ఆమె మొహంలో అలసట ఒక్కటే మిగిలింది. వాళ్ల నాన్న ముప్పై ఒక్క ఏళ్లు ఆ ముప్పై నాలుగో నంబరు బస్సే నడిపారట. ఆఖరి స్టాపులో పది నిమిషాలు విరామం. టీ తాగి, టైర్లు చూసుకుని, బండి తిప్పుకునేసరికి అయిపోయేది. చెరువు చూసి దిగొచ్చినవాళ్లు బస్సెక్కుతూ దాని గురించే మాట్లాడుకునేవారు. ఆయన అద్దంలో వాళ్ల మొహాలు చూసేవారు. తను మాత్రం ఒక్కసారీ కొండెక్కలేదు. రిటైరయ్యాక చూద్దాంలే అనుకున్నారు. రిటైరైన ఏడాదికే గుండె మొరాయించింది.

"ఆయనకి అచ్చేసిన టైమంటే వేదమండీ. రెండు నిమిషాలు లేటైతే అన్నం సయించేది కాదు. ఇప్పుడేమో యాభై నిమిషాల దారి, నా వల్ల కాలేదు, నా పని అయిపోయిందంటున్నారు. మూడు వారాలైంది, గోడవైపు తిరిగి పడుకున్నారు. డాక్టరు నడవమంటే లేవడం లేదు."

పుస్తకం తప్పని తను స్వయంగా వచ్చి చెబుతానన్నాడు అతను. ఆమె తల అడ్డంగా ఊపింది. నోటిమాట ఆయన నమ్మరు. అచ్చులో కావాలి.

రెండో ముద్రణకి ఇంకా ఏడాది ఉంది. అతను కాసేపు ఆలోచించి, తప్పొప్పుల పట్టిక వేయొచ్చన్నాడు. చిన్న చీటీ. అమ్ముడుపోని ప్రతులన్నిటిలో అంటిస్తారు. కానీ దానికి దారులన్నీ మళ్లీ కొలవాలి, ఈసారి కూర్చున్న నిమిషాలతో సహా.

"కొలవండి. వాచీ నేను పట్టుకుంటాను. మీ చేతికిస్తే మళ్లీ ఆపేస్తారు," అంది ఆమె.

*

ఆమె కళ్లజోళ్ల షాపులో పని చేస్తుంది. ఆదివారం సెలవు. అతనికి ఆదివారమంటే భయం. కిందటేడు అమ్మ పోయాక ఇంట్లో రెండో గ్లాసు కడగాల్సిన పని లేకుండా పోయింది. ఆ నిశ్శబ్దం భరించలేకే అతను సెలవు వచ్చినప్పుడల్లా ఏదో ఒక బస్సెక్కేవాడు. పుస్తకంలో టైములు అంత తక్కువగా ఉండటానికి కాళ్ల పొడుగు ఒక్కటే కారణం కాదని అతనికిప్పుడు తోచింది. ఏదో తరుముతున్నట్టు నడిచేవాడు.

మొదటి ఆదివారం తొమ్మిదో నడకకే వెళ్లారు. నాన్న ఆ రోజు ఎలా నడిచారో ఆమె చేసి చూపించింది. వంద అడుగులు, ఓ నిమిషం నిలబడటం. ఐదొందల అడుగులకి ఒకసారి కూర్చోవడం. అలాగే నడిచారు. ముసురు పట్టింది. మబ్బు కొండ నడుం దాకా దిగింది. దారంతా బురద. వేరే మనిషి లేడు.

"ఈ బెంచీ సంగతి పుస్తకంలో ఎందుకు లేదు?"

అతను ఆశ్చర్యంగా చూశాడు. పొదల పక్కన నిజంగానే ఒక రాతిబెంచీ ఉంది. పదకొండుసార్లు దాని ముందునుంచే వెళ్లాడు. ఎవరు వేయించారో, వాన నీరు నిలవకుండా కాస్త వాలుగా చెక్కించారు. వచ్చేవాళ్ల బట్టలు తడవకూడదని ఒక మనిషి ఆలోచించాడన్నమాట.

ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడే ఆమె అతని కళ్లజోడు ఎడమవైపు వాలిందని చెప్పి, అడక్కుండానే తీసుకుని కమ్మీ వంచింది. అతనికి లోకమంతా మసకైంది. ఎదురుగా ఆమె ఆకుపచ్చ స్వెటరు రంగు ఒక్కటే మిగిలింది.

"ఇప్పుడెలా ఉంది?"

"చాలా బాగుందండీ."

"ఏం చూసి? కళ్లజోడు ఇంకా నా చేతిలోనే ఉంది."

చెరువు చేరేసరికి రెండు గంటల ఇరవై నిమిషాలు పట్టింది.

అలా ఏడు ఆదివారాలు గడిచాయి, రోజుకి రెండు దారుల చొప్పున. ఏడింట్లో ఆరు వానే. బస్సులో కిటికీ పక్కన ఆమె, ఆమె ఒళ్లో వాచీ. నాన్న ఈ వారం ఎలా ఉన్నారని అతను అడగడం, అలాగే ఉన్నారని ఆమె చెప్పడం. ఒక్కోసారి ఆ మాట చెప్పి కిటికీ వైపు తిరిగేది. అతనూ అద్దం మీద నీళ్లే చూస్తూ కూర్చునేవాడు. పక్కన ఒక మనిషి ఏమీ అడక్కుండా కూర్చోవడం కూడా ఒక సాయమేనని అమ్మ ఆసుపత్రి రోజుల్లో అతనికి తెలిసొచ్చింది.

ఎడిటర్ గారు మొదట ఒప్పుకోలేదు. నడకల పుస్తకంలో కూర్చోవడం ఏమిటన్నారు. రెండు రోజుల తర్వాత ఆవిడే పిలిచి, మోకాలు రాసుకుంటూ, రెండు టైములూ వెయ్యమన్నారు. ఆగకుండా వెళితే ఇంత, కూర్చుంటూ వెళితే ఇంత.

చీటీ ప్రెస్సుకి వెళ్లే ముందు రోజు ఆమె ఫోన్ చేసింది. తొమ్మిదో నడకకి మూడు గంటలని వెయ్యమంది.

"మనకి రెండూ ఇరవై కదండీ పట్టింది."

"నాకు తెలుసు. మూడు గంటలని ఉంటే నాన్న ధైర్యంగా వెళ్తారు. ముందే చేరితే సంతోషిస్తారు. నలభై నిమిషాలు కలిపితే ఎవరి సొమ్ము పోతుంది?"

ఆ నలభై నిమిషాలు చూసి, తమవల్ల కాదని ఇంట్లోనే ఆగిపోయేవాళ్లు ఉంటారని అతను అన్నాడు. ఒకసారి తప్పు రాశానని, తెలిసి మళ్లీ రాయలేనని చెప్పాడు.

"మీకు మనుషుల కంటే పుస్తకమే ఎక్కువ," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

రెండు ఆదివారాలు ఆమె కనిపించలేదు. చీటీలు అచ్చయి వచ్చాయి. అతను ఒకటి జేబులో పెట్టుకుని కళ్లజోళ్ల షాపుకి వెళ్లాడు. ఆమె వారం నుంచి రావడం లేదని, వాళ్ల నాన్నని ఆసుపత్రిలో చేర్చారని అక్కడివాళ్లు చెప్పారు.

*

వార్డులో కిటికీ పక్క మంచం. ఆయన బాగా సన్నగా ఉన్నారు. స్టీరింగు పట్టి పట్టి కాయలు కాసిన చేతులు మాత్రం దుప్పటి మీద పెద్దగా కనిపించాయి. ఆమె అతన్ని చూసి స్టూలు మీంచి లేచింది, కూర్చోమని కాదు, కూర్చోవద్దనీ కాదు. అతను చీటీ ఆయన చేతికిచ్చి, పుస్తకం రాసింది తనేనని చెప్పాడు.

ఆయన కళ్లజోడు పెట్టుకుని తొమ్మిదో వరుస రెండుసార్లు చదివారు.

"ఎవరు కొలిచారు బాబూ?"

"మీ అమ్మాయిగారు, నేను."

"ఎవరి నడకతో?"

అతను ఆమె వైపు చూశాడు. "మీ నడకతోనే నాన్నా," అంది ఆమె.

ఆయన కప్పు వైపు చూస్తూ వేళ్లు మడిచారు. "ఆ రోజు వంతెన దగ్గరికి గంటా పదికి చేరాం. వంతెన సరిగ్గా సగం. రెండు గంటా పదులు, రెండూ ఇరవై." మళ్లీ వేళ్లు మడిచారు. "అయితే మనం లేటు కాదమ్మా. టైముకే ఉన్నాం. అనవసరంగా వెనక్కొచ్చేశాం."

ఆమె గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. మూడు గంటలని ఉంటే ఆ లెక్క కుదిరేది కాదు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పారని ఆయనకి తెలిసిపోయేది.

మెట్ల దాకా దిగబెట్టడానికి వచ్చి ఆమె, ఆ రోజు ఫోన్లో అన్న మాట మనసులో పెట్టుకోవద్దంది. అతను ఏదో చెప్పబోయి, నాన్నగారికి పళ్లేమైనా తేనా అని అడిగి వెళ్లిపోయాడు. ఇంటికెళ్లేదాకా తనని తాను తిట్టుకున్నాడు.

*

ఆయన మళ్లీ చెరువుకి వెళతానంటే, డాక్టరు చాలా ఆలోచించి, మోయగలిగిన మనిషి ఒకరు పక్కనుండాలన్న షరతు మీద ఒప్పుకున్నాడు. నెలన్నర తర్వాత ముగ్గురూ ముప్పై నాలుగో నంబరు బస్సెక్కారు. ఆ రోజూ ముసురే.

వంద అడుగులు, ఓ నిమిషం. ఆయన ఊపిరి చప్పుడు మాత్రం వినిపించేది. వంతెన దాటాక ఒకచోట పెదవులు నల్లబడ్డాయి. ఆమె వెళ్లిపోదాం నాన్నా అంది. ఆయన వేలెత్తి, ఆగమన్నట్టు చూపించి, పావుగంట కూర్చుని లేచారు. రెండూ ఇరవై దాటిపోయింది. రెండూ నలభై దాటింది. ఆయన ఎంతైందని అడగలేదు.

పైకి చేరారు. చెరువు లేదు. మంచు తప్ప ఏమీ లేదు. కాళ్ల ముందు రెండు గజాల నల్లటి నీళ్లు, ఆ తర్వాత తెల్లటి గోడ.

ఆమెకి ఏడుపు ఆగలేదు. "ఇంత కష్టపడి వచ్చాం. ఏమీ కనిపించట్లేదు నాన్నా."

"నాకు తెలుసులేమ్మా ఎలా ఉంటుందో. ముప్పై ఒక్క ఏళ్లు విన్నాను." ఆయన ఒక బండ మీద కూర్చుని, నీళ్లలో చెయ్యి ముంచారు. "చల్లగా ఉందని మాత్రం ఎవరూ చెప్పలేదు."

కాసేపటికి ఆయన అతన్ని దగ్గరికి పిలిచారు.

"బాబూ, నా బండిలో కొంతమంది ఎక్కేవారు. దిగాల్సిన స్టాపు వస్తున్నా లేచేవారు కాదు, మొహమాటం. బండి దాటిపోయాక అరిచేవారు. దిగేవాళ్లు ముందే లేచి తలుపు దగ్గర నిలబడాలి. నేనెంత దూరం నడుపుతానో నాకే తెలీదు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమె ముక్కు తుడుచుకుంటూ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మీరంటే నాకిష్టమండీ," అన్నాడు అతను నీళ్లవైపు చూస్తూ. "బెంచీ చూపించిన రోజునుంచి. చెప్పడానికి ఇదా సమయం అనుకుంటూ ఆగిపోయాను."

ఆమె వంగి నాన్న తడి చెయ్యి తుడిచింది. "నాన్న ఉన్నన్నాళ్లూ నేను ఆ ఇల్లు వదిలి రాను."

"నేనే వస్తాను. మా ఇంటినుంచి మీ ఇంటికి ఒక్క బస్సే."

"రెండు. మార్కెట్టు దగ్గర మారాలి," అన్నారు ఆయన.

ఆమె నవ్వింది. కన్నీళ్లు ఇంకా ఆరనేలేదు. కళ్లజోడు మళ్లీ వాలిందని చెప్పి అతని దగ్గరికి వచ్చి సరిచేసింది. ఈసారి తీయలేదు.

"సరే," అంది, అతనికి మాత్రమే వినిపించేలా.

కింద ఎక్కడో మంచులోంచి ఇంజన్ మొదలైన చప్పుడు వచ్చింది. ముప్పై నాలుగో నంబరు. అతను కంగారుగా వాచీ చూశాడు. మళ్లీ బస్సు గంటన్నర తర్వాత, కిందికి దిగేసరికి అదీ వెళ్లిపోతుంది. పెద్దాయన తల పక్కకి వంచి, బండి మలుపు తిరిగేదాకా విన్నారు. గేరు మారింది, చప్పుడు పల్చబడింది, పోయింది.

"పోనీండి," అని ఆయన పక్కకి జరిగి, బండ మీద వాళ్లిద్దరికీ చోటిచ్చారు.