ఇద్దరి బరువు

బతుకు కోరేవాడు బావమరిది అంటారు. ఆ సామెత కట్టినవాడికి నా బావమరిదిలాంటివాడు ఉండి ఉండడు. వాడికీ నాకూ ఉప్పూ నిప్పూ. అయినా వాడి రేసు బండికి మెకానిక్‌ని నేనే. మా ఆవిడ మాట కాదనలేను, వాడి నోటిని ఇంకెవరూ భరించలేరు.

వాడు తోలేది పాత మోటోక్రాస్ బండి. మట్టి గుట్టల మీంచి గాల్లోకి లేపుతూ పోవాలి. ఆ పాతబళ్ల క్లాసులో బండి ఏ కాలానిదో ముక్కలన్నీ ఆ కాలానివే ఉండాలి. చక్రం ఎంత ఎత్తు ఆడాలో దానికీ ఒక కొలత. ఆ కొలత దాటనంతవరకు స్ప్రింగు ఎంత బిగించుకున్నా ఎవరూ అడగరు. రూల్లో రాయనిదంతా నా రాజ్యం. కాకపోతే చెకింగుకొచ్చే పెద్దాయన ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం.

ఆ రూల్లో ఒక పాడు సంగతి ఉంది. కొత్త ముక్క వెయ్యకూడదు. పాతది దొరకాలంటే ఎక్కడో ఎవడో ఒకడు బండి మీంచి పడి ఉండాలి.

మా బండి ఛాసిస్ విరిగితే పాత ఇనుము కొట్టువాడు ఇంకొకటి తెచ్చిచ్చాడు. దాన్ని తోలినవాడు ఏమయ్యాడని అడిగాను.

"పోయాడు. హ్యాండిల్ మాత్రం వదల్లేదట. వేళ్లు విప్పి తియ్యాల్సొచ్చింది," అన్నాడు.

రేసుకు ముందురోజు సాయంత్రం బండి బిగించడం పూర్తయింది. వాన మొదలైంది. రేకుల మీద చప్పుడుకు మా తిట్లు మాకే సరిగా వినపడటం లేదు, అదొక్కటే సుఖం. షెడ్డంతా పెట్రోలు, తడి మట్టి వాసన. ఇక కొలత మిగిలింది. తోలేవాణ్ణి సీటు మీద కూర్చోబెట్టి వెనక భాగం ఎంత దిగిందో టేపు పెట్టి చూస్తాం. దాన్నిబట్టే స్ప్రింగు బిగింపు.

వాడు కూర్చున్నాడు. వెనక భాగం అడుగంటా దిగిపోయింది.

బాగా మేశావురా అన్నాను. నీ పనితనమే అంత అన్నాడు. స్ప్రింగు కింద వాషర్లు వేసి మళ్లీ కొలిచాను. అంతే దిగింది. దిగరా, స్ప్రింగు మార్చాలి అన్నాను. వాడు దిగి పక్కన నిలబడ్డాడు.

బండి పైకి లేవలేదు.

సీటు మీద, వాడు కూర్చున్నచోటికి కాస్త వెనగ్గా, గుంట అలాగే ఉంది. పెట్రోలు వాసనలోంచి ఇంకో వాసన వచ్చింది. తడిసిన తోలు... పచ్చి నెత్తురు... ఫుట్‌రెస్ట్ కిర్రుమంది. అప్పుడు లేచింది బండి, మెల్లగా, ఎవరో జాగ్రత్తగా దిగినట్టు.

"బావా," అన్నాడు వాడు గొంతు తగ్గించి. "ఇందాక నా నడుం పట్టుకున్నది నువ్వు కాదుగా?"

"నేను టేపు పట్టుకున్నాను."

నిజం చెప్పాలంటే ఆ క్షణం వాడి మీద జాలేసింది. వద్దురా, ఈసారికి మానెయ్ అన్నాను. ఆ మాటే కొంప ముంచింది. వాడికి పాత పొగరు తిరిగొచ్చింది. నేను గెలవడం నీకిష్టం లేదు, అందుకే ఈ నాటకం అన్నాడు.

"ఇద్దరు కూర్చున్నా తట్టుకునేలా బిగించు. నీకు చేతనైతే."

నాకు ఒళ్లు మండింది. నీ చావు నువ్వు చావు అన్నాను. ఇద్దరి బరువుకు బిగించాను.

మర్నాడు పెద్దాయన అన్నీ కొలిచాడు. చివర్లో వెనక భాగం మీద రెండు చేతులూ పెట్టి అదిమాడు. కదల్లేదు.

"ఎవరి బరువుకు కట్టావిది?"

"మావాడిదే."

ఆయన రూల్ పుస్తకం తిరగేశాడు. దానికి రూలు లేదు. సరే అన్నాడు.

రేసులో మావాడు ముందున్నాడు. నేను వాణ్ణి చూడటం లేదు, వెనక చక్రాన్నే చూస్తున్నాను. గుట్ట దిగినప్పుడల్లా బండి చక్కగా కుంగుతోంది. కుంగుతోందంటే రెండో బరువు పైనే ఉంది; ఒక్కడి బరువుకైతే ఆ స్ప్రింగు లొంగదు. అది ఉన్నంతసేపూ మావాడు బతుకుతాడు. దేవుడా, దాన్ని దిగనివ్వకు అని మొక్కుకున్నాను. అలాంటి మొక్కు ఎవడైనా మొక్కుతాడా?

పెద్ద గుట్ట వచ్చింది. బండి గాల్లోకి లేచింది. నేలను తాకింది.

కుంగలేదు.

రాతిమీద పడ్డ బంతిలా ఎగిరి వాణ్ణి విసిరికొట్టింది.

ప్రాణం ఉంది. కాళ్ల సంగతి చెప్పలేమన్నారు డాక్టరుగారు. మా ఆవిడ నా మొహం చూడలేదు. వాడు కళ్లు తెరిచి నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"నేను హ్యాండిల్ వదల్లేదు బావా. వేళ్లు విప్పేశాడు. ఒక్కొక్కటే..."

తిన్నగా షెడ్డుకెళ్లి ఆ ఛాసిస్‌ని గ్యాస్ కట్టరుతో ముక్కలు చేశాను. ఏడుస్తూనే కోశాను. ఇక అది ఎక్కడానికి ఏమీ మిగల్లేదు అనుకుంటే గుండె కాస్త కుదుటపడింది. మా ఆవిడని ఇంటికి తీసుకెళ్లడానికి మళ్లీ ఆసుపత్రికి వచ్చాను. సన్నగా వాన పడుతోంది. స్కూటరు తిప్పి పెట్టి, కూర్చుని ఎదురుచూశాను.

వెనక సీటు దిగింది. మాటామంతీ లేకుండా వచ్చి కూర్చుంది, కోపం తగ్గలేదు కాబోలు అనుకున్నాను.

"సరిగ్గా కూర్చున్నావా?" అన్నాను.

ఎదురుగా ఆసుపత్రి మెట్ల మీద మా ఆవిడ గొడుగు విప్పుతోంది.

నా నడుం మీద వేళ్లు బిగుసుకున్నాయి. ఒక్కొక్కటే.